మా ఊరి మాట నేర్చుకున్న ఫోను

బజారులో అందరూ నన్ను పుణ్యాత్మురాలంటారు. ముసలివాళ్ళకు కూడా ఓపికగా నేర్పుతుందనీ, కసురుకోదనీ. అననివ్వండి. బజారు మూడో అంతస్తు గదిలో నేను ఫోను పాఠాలు మొదలుపెట్టింది పుణ్యం కోసం కాదు, గోంగ్ రుయ్‌దే కోసం. వాడి నోరు మూయించాలని కాదు. తెరిపించాలని. అందులోంచి వచ్చేది, వినవలసిన మనిషికి వినిపించాలని.

గోంగ్ మా ఈవూ బజారులో అరబ్బీ దుబాసీ. ఈవూ బజారులో దొరకనిది లేదు. గుండీలు, గొడుగులు, రిబ్బన్లు, ప్లాస్టిక్ పూలు, అన్నిటికీ వరసలు వరసలుగా కొట్లున్నాయి. కొట్లలో కూర్చునేది ఎక్కువగా ఆడవాళ్ళే. కొనడానికి ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో వస్తారు. ధర క్యాలిక్యులేటరు మీద నొక్కి చూపించుకుంటే సరిపోతుంది కానీ, రంగు, నాణ్యం, గడువు మాట్లాడుకోవాలంటే మధ్యలో దుబాసీ ఉండాలి. ఆ దుబాసీ ఏం చెబితే అదే మాట, ఏం చెప్పకపోతే అది అసలు పుట్టనట్టే.

గోంగ్ పద్ధతి బజారంతా ఎరిగినదే. వచ్చినవాడి భుజం మీద చెయ్యి వేసి, నవ్వు మొహంతో, మా యాసలో కొట్టామెతో అనేవాడు: "ధర మీద నా వాటా కలుపు. పైన మంచి సరుకు పరిచి, అడుగున రెండో రకం నింపు." వచ్చినవాడు ఆ నవ్వు చూసి తనూ నవ్వేవాడు. గొంతు తగ్గించాల్సిన అవసరం కూడా ఉండేది కాదు. ఈవూలో పరాయివాడి ముందు యాసలో మాట్లాడటమంటే తలుపేసుకుని మాట్లాడటమే. గోంగ్ ఒక్కడే కాదు, మేమందరం పుట్టినప్పటి నుంచీ అలాగే అనుకున్నాం.

మా అమ్మకు రిబ్బన్ల కొట్టు ఉండేది. అమ్మ పుట్టిల్లు కొండ వెనక ఊరు. గోంగ్‌ది కూడా అదే ఊరు, అదే ఇంటిపేరు, వరసకు మేనల్లుడు. అమ్మకు బీజింగ్ భాష రాదు, మా ఈవూ యాస కూడా పెళ్ళయ్యాక నేర్చుకున్నదే, కోపం వచ్చినా ఏడుపు వచ్చినా కొండ యాసలోకే జారిపోతుంది. అల్జీరియా నుంచి వచ్చే బెల్కాసెం అనే ఆయన ఏటా అమ్మ దగ్గరే రిబ్బన్లు కొనేవాడు. గోంగే మధ్యవర్తి, సరుకు గోదాములో పెట్టించి ఓడకెక్కించేదీ వాడే.

ఒక ఏడు వాడు గోదాములో అమ్మ సరుకు మార్చేశాడు. నాసిరకం సరుకు పంపి మంచిది వేరేవాళ్ళకు అమ్ముకున్నాడు. ఆ రంగు కారి ఆయన ఊరు ఒరాన్‌లో ఎవరెవరి పెళ్ళిబట్టలో పాడయ్యాయి. బెల్కాసెం నిప్పులు కక్కుతూ కొట్టుకొచ్చాడు. అమ్మ ఆయన రెండు చేతులూ పట్టుకుని ఏదో చెప్పబోయింది, ఏడ్చింది. గోంగ్ ఆ మాటలన్నీ తలాడిస్తూ విని, అరబ్బీలో ఒకే ఒక్క వాక్యం చెప్పాడు. బెల్కాసెం కొట్టు ముందు ఉమ్మేసి వెళ్ళిపోయాడు. అమ్మ అలాగే, చాచిన చేతులతో, చాలాసేపు నిలబడిపోయింది.

ఆ వాక్యమేమిటో మాకు ఏళ్ళ తరబడి తెలియలేదు. అరబ్బీ తెలిసిన నింగ్షియా ప్రాంతపు అమ్మాయి ఒకతి అప్పట్లో పక్క కొట్లో పనిచేసేది. గోంగ్ భయానికి నోరు మెదపని ఆ పిల్ల, స్వంత ఊరికి వెళ్ళిపోయే ముందు నా దగ్గరకొచ్చి చెప్పింది. గోంగ్ అన్నది ఇదట: "సరుకు గుర్తుపట్టలేని గాడిదలకు ఇలాగే అవుతుందని అంటోంది."

అరబ్బులు అన్నం తినే వీధిలో ఆ మాట ఒక్క పూటలో పాకిపోయింది. మళ్ళీ ఒక్క తలగుడ్డవాడు అమ్మ కొట్టు మెట్టెక్కలేదు. కొట్టు పోయింది. ఇంటి గుమ్మంలో కూర్చుని కూలికి పూసలు గుచ్చడం మొదలుపెట్టింది. మాట్లాడటం మానేసింది. నాతో మాత్రం కావలసినంత, అన్నం తిన్నావా, తలుపేశావా, అంతే. మా అమ్మ నోటిమాటను వాడు దొంగిలించాడు. నాకు కావలసింది అది తిరిగి రావడం, వాడు చూస్తుండగా రావడం. ఇంకేమీ నాకు అక్కర్లేదు.

హాంగ్‌ఝౌలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో కొన్నాళ్ళు పనిచేసి, ఆ పని మానేసి బజారుకు తిరిగొచ్చాను. అక్కడ నేర్చుకున్నదే ఇక్కడ నేర్పాను. పేపర్లలో దాని పేరు కృత్రిమ మేధ. మా ఆడవాళ్ళు ఆ పేరు వినగానే భయపడి, మన వల్ల కాదమ్మా అని లేచిపోయేవాళ్ళు. అందుకని మేము దాన్ని మైనా అన్నాం. చెప్పింది చెబుతుంది, ఎవరి భాషలో కావాలంటే వాళ్ళ భాషలో చెబుతుంది.

"మీరు దీన్ని కంప్యూటరు అనుకోవద్దు" అని మొదటి రోజే చెప్పాను. "నోటితో చెప్పండి చాలు. ఏం కావాలో విప్పి చెప్పండి. తప్పు చేస్తే తప్పని చెప్పండి. అది చెప్పినదల్లా నమ్మకండి, మీ మొగుళ్ళు చెప్పినదంతా నమ్ముతున్నారా ఏంటి!"

రిబ్బన్ల వరసలో అమ్మ కొట్టు పక్కన ఉండిన జిన్ అక్క నా మొదటి శిష్యురాలు. తన ఫొటో ఇచ్చి, నాలుగు మాటలు చెప్పి, తన మొహమే స్పానిష్‌లో సరుకు అమ్ముతున్న వీడియో చూసి నోరు వెళ్ళబెట్టింది.

"ఇది నేనేనా, చ్యావ్ పిల్లా?"

"నువ్వే అక్కా."

"అబద్ధం! నేను నా జన్మలో ఎవరితోనూ ఇంత మర్యాదగా మాట్లాడలేదే. మా ఆయనకు చూపిస్తే దీన్నే ఇంట్లో ఉంచుకుని నన్ను పొమ్మంటాడు."

గది గదంతా నవ్వింది. తరవాత రోజుల్లో కొట్టు కొట్టుకీ బల్ల మీద ఒక చిన్న స్టాండు, దాని మీద ఫోను వచ్చేశాయి. కొట్టామె తన మాట అంటుంది, మైనా వచ్చినవాడి భాషలో పలుకుతుంది. వాడు తన మాట అంటాడు, మైనా మన మాటలో చెబుతుంది. బీజింగ్ భాష రాని ముసలివాళ్ళ కోసం, వాళ్ళనే కూర్చోబెట్టి మాట్లాడించి, మా ఈవూ యాస కూడా దానికి నేర్పించాం. దుబాసీలలో మంచివాళ్ళు వేరే పనులు చూసుకున్నారు, కొందరు నా గదికే వచ్చి నేర్చుకున్నారు. గోంగ్ నేర్చుకోడానికి రాలేదు.

వాడు వచ్చింది వేళాకోళానికి. ఒకరోజు పాఠం మధ్యలో తలుపు తోసుకుని వచ్చాడు. మెరిసే బూట్లు, చంకలో తోలు సంచి.

"ఏం టీచరమ్మా, మన యాస కూడా నేర్పావంట దీనికి? ఏదీ చూద్దాం" అంటూ జిన్ అక్క ఫోను ముందుకు వంగి, కొండ యాసలో ఏదో అన్నాడు.

మైనా కాసేపు ఆలోచించి, మళ్ళీ చెప్పమంది. మళ్ళీ అన్నాడు. మళ్ళీ చెప్పమంది.

వాడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఇదేం మైనా అక్కా, పంజరంలో పెట్టుకుని గింజలు మేపండి! మా కొండ వెనక మాట రావాలంటే ఇది మా ఊళ్ళో మళ్ళీ పుట్టాలి." పోతూ పోతూ నా పక్కన ఆగి, గొంతు తగ్గించి, "మీ అమ్మ బావుందా? పూసలు బాగానే గుచ్చుతోందంటగా" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. చేతిలో టీ గ్లాసు ఉంది, వాడి మొహాన కొట్టకుండా బల్ల మీద పెట్టేశాను. కానీ వాడు వెళ్ళిపోయాక, నిజం చెప్పొద్దూ, నాకు సంతోషం కూడా వేసింది. వాడు ఎక్కడ దాక్కుంటాడో వాడే చూపించి పోయాడు. ఆనాటి నుంచి వాడు కొట్లలో ఈవూ యాస కూడా మానేసి కొండ యాసే మాట్లాడేవాడు. ఏళ్ళుగా వింటున్న కొట్టామెలకు అది అర్థమయ్యేది.

ఆ మధ్యాహ్నమే ఇంటికెళ్ళాను. అమ్మ గుమ్మంలో పూసల పళ్ళెం ముందు కూర్చుని ఉంది.

"అమ్మా, నీ పుట్టింటి మాట కావాలి నాకు."

"నా మాటతో నీకేం పనే? నా మాట వినేవోడెవడు?"

"మైనా వింటుంది."

"ఇని?"

"అరబ్బీలో చెబుతుంది."

సూది ఆగింది. "ఆ బెల్కాసెంకి కూడానా?"

"ఆయనకే."

"మరి గోంగోడు మాట్టాడితే?"

"అదీ చెబుతుంది. వాడు అన్నది అన్నట్టు."

అమ్మ పళ్ళెం పక్కకు జరిపింది. "ఎక్కడ కూకోవాలి?" అంది.

ఆ చలికాలమంతా అమ్మ మాట్లాడింది. ఇన్నేళ్ళ మాటలు ఎక్కడ దాచుకుందో, ఆపితే ఆగేది కాదు. మేకల్ని తోలే కేకలు, పచ్చడి పెట్టే పద్ధతి, అత్తగారితో పోట్లాటలు, ఏ రంగు రిబ్బను ఏ ఎండకు వెలుస్తుందో, అన్నీ. అమ్మ ఒక మాట అంటే దాని అర్థం నేను పక్కన రాసేదాన్ని. మైనా తప్పు అర్థం చేసుకుంటే అమ్మ ఫోనును కసిరేది, దగ్గర కూర్చోబెట్టుకుని మళ్ళీ చెప్పేది.

"తిట్లు కూడానా అమ్మా?" అన్నాను ఒకసారి, వినలేక.

"ముందు అయ్యే నేర్పు. ఆడి నోట్లో ఉండేయి అయ్యే."

అమ్మ ఒక్కతే నేర్పింది కాబట్టి, కొండ యాసలో మైనా పలికితే అచ్చం అమ్మ గొంతే వచ్చేది. అది తీసి వేరే గొంతు పెట్టవచ్చు. నాకు తోచలేదు, అమ్మ కూడా అడగలేదు. కొండ యాస నేర్చిన మైనాను ఒక్క జిన్ అక్క ఫోనులోనే పెట్టాను. బెల్కాసెం అమ్మను వదిలేశాక ఆయన్ని గోంగ్ ఆ కొట్టుకే తెస్తున్నాడు.

జిన్ అక్క మొదట బెదిరింది. "వాడితో పెట్టుకుంటే నా కొట్టుకు మనిషిని రానివ్వడే" అంది. అంతలోనే తనే, "రానివ్వకపోతే పోనీ. పోయిన నెల మొరాకో ఆవిడ నాతోనే, మైనాతోనే బేరం చేసుకుని వెళ్ళింది. వాడి నోరు నాకిప్పుడు దేనికి? పెట్టు, ఏం పెడతావో పెట్టు" అంది.

కొత్త సంవత్సరం సెలవులయ్యాక బజారు తెరిచారు. బెల్కాసెం వచ్చాడు, గడ్డం పూర్తిగా నెరిసిపోయింది. గోంగ్ ఆయన భుజం మీద చెయ్యి వేసుకుని కొట్లోకి నడిపించుకొచ్చాడు. నేనూ అమ్మా వెనక, వేలాడే రిబ్బన్ల పక్కన చిన్న పీటల మీద కూర్చుని రిబ్బను చుట్టలు చుడుతున్నాం. ఫోను బల్ల మీద అన్ని కొట్లలో ఉన్నట్టే ఉంది. వీడియోలకు వాడే పెద్ద స్పీకరు దానికి తగిలించి, గొంతు పూర్తిగా తగ్గించి పెట్టాను. విన్నదాన్ని విన్నట్టు అరబ్బీలోకి మార్చి ఉంచుకుంటుంది, నేను మీట నొక్కినప్పుడే గొంతు పెంచి పలుకుతుంది. ఆ మీట ఉన్న రెండో ఫోను నా చేతిలోనే ఉంది.

గోంగ్ మమ్మల్ని చూశాడు. నేను భయపడింది ఒక్క క్షణమే. అమ్మను చూసి తలుపు చాటుకు పోయే రకమైతే వాడు గోంగ్ ఎందుకవుతాడు? వాడి మొహం విప్పారింది. బెల్కాసెం రిబ్బను చుట్టలు తీసి వెలుతురులో చూసుకుంటున్నాడు.

"ఏం అత్తా, ఇంకా ఉన్నావా!" అన్నాడు కొండ యాసలో, ఎంతో ఆప్యాయంగా తలూపుతూ. "చూడు, ఈ ముసలి గొర్రెని గుర్తుపట్టావా? ఇన్నేళ్ళయినా ఉన్ని కత్తిరించుకోడానికి నా కాడికే వస్తన్నాడు."

అమ్మ తల ఎత్తి చూసింది. "అప్పుడు నా సరుకు మార్చింది నువ్వేగా" అంది నెమ్మదిగా. మేమేమీ అనుకోలేదు అలా అనాలని. అది అమ్మ సొంతం.

"నేను కాక నీ మొగుడా? గోదాం తాళం నా కాడ, బుద్ధి తక్కువ నీ కాడ." నవ్వి, జిన్ అక్క వైపు తిరిగాడు. "నువ్వు కూడా విను. పైన మెరిసేయి పెట్టు, కింద రంగు కారేయి తొయ్యి. ఈడు పెట్టె అడుగు చూసే రకం కాదు. అప్పుడూ చూడలా. ఈ ముసలిది తనని గాడిదంటందని నేనంటే నమ్మి ఉమ్మేసి పోయాడు."

"నా దగ్గర రంగు కారేవి లేవు" అంది జిన్ అక్క.

"లేకపోతే తెప్పించు. లేదంటే అత్త పక్కన ఇంకో పీట వేయించుకో."

నేను మీట నొక్కాను.

స్పీకరు ఖంగుమంది. మొదటి మాట నుంచీ, గొర్రె, ఉన్ని, గోదాం తాళం, మెరిసేవి, రంగు కారేవి, ఉమ్మేసి పోవడం, ఒక్కటి కూడా వదలకుండా, పండితుడు చదివినట్టు తీరుగా అరబ్బీలో వినిపించింది. నాకు అరబ్బీ రాదు. రానక్కర్లేదు, బెల్కాసెం మొహంలో అంతా చదువుకున్నాను. ఆయన చేతిలోని చుట్ట విప్పుకుంటూ నేల మీదికి దొర్లిపోయింది. గోంగ్ మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది, మొహంలో రంగు మాత్రం పోయింది.

"ఆపవే! ఆపు దాన్ని!" అని అరిచాడు కొండ యాసలోనే.

మైనా అది కూడా అరబ్బీలో చెప్పింది.

ఆ క్షణం కోసమే నేను బతికానంటే అతిశయోక్తి కాదు. చప్పుడుకు వరసలోని ఆడవాళ్ళంతా కొట్టు ముందు మూగారు. గోంగ్ అరబ్బీలో ఏదో గుక్క తిప్పుకోకుండా చెప్పాడు, ఫోను వైపు చెయ్యి విసిరాడు, గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. వెళ్ళిపోబోతే దారి లేదు, ఎవరూ పక్కకు జరగలేదు.

బెల్కాసెం వాడి వైపు చూడలేదు. ఫోను దగ్గరకు వంగి, అమ్మను చూస్తూ, అరబ్బీలో మెల్లగా అన్నాడు. మైనా కొండ యాసలో, అమ్మ గొంతుతో చెప్పింది: "ఇది యంత్రం. ఇతను ఇది అబద్ధమంటున్నాడు. నాకూ నీకూ మాత్రమే తెలిసింది ఏదైనా చెప్పు."

అమ్మ చుట్టను ఒడిలో పెట్టుకుంది. "నువ్వు మొదటిసారి వచ్చినప్పుడు నీ పెళ్ళాంతో వచ్చావు. ఆమె కడుపుతో ఉంది. కాళ్ళు వాచినాయి. నువ్వూ ఈడూ బేరానికి బయటికి పోయారు. నేను ఆమె చెప్పులు తీసి కాళ్ళు నూనెతో రుద్దాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఏదో అంది. ఏమందో నాకు ఇప్పటికీ తెల్వదు."

మైనా చెప్పడం పూర్తయ్యే సరికి ముసలాయన బల్ల మీదికి వంగి ఫోనుకు నోరు దగ్గర పెట్టాడు.

"ఆ రోజు," అని అడిగాడు, "నేను కోపంగా వచ్చిన రోజు, నువ్వు నాతో ఏం చెప్పావు?"

"పెట్టెలన్నీ నా ఎదురుగా విప్పమన్నాను. రంగు కారేది ఒక్క చుట్ట నాదని తేలినా కొట్టు నీ పేర రాస్తానన్నాను. నా మొహం చూసి చెప్పమన్నాను. నువ్వు చూడలా. ఈడి మొహమే చూశావు."

గోంగ్ సంగతి ఇక్కడే చెప్పేస్తాను, తరవాత చెప్పాలనిపించకపోవచ్చు. కొండ యాసను ఆ సాయంత్రమే బజారులోని ప్రతి ఫోనులోకీ వదిలాను, రెండోసారి ఆలోచించకుండా. వాడి అరబ్బీ వాడి దగ్గరే ఉంది, ఏ కొట్టు ముందూ దాన్ని విప్పే వీల్లేదు. మొన్న బస్టాండు దగ్గర కనిపిస్తే, బూట్లకు మెరుపు లేదు. నాకు జాలి వేస్తుందేమోనని ఆగి చూశాను. వెయ్యలేదు.

ఆ రోజు బెల్కాసెం రెండు చేతులూ జోడించి మాట్లాడటం మొదలుపెట్టాడు. కళ్ళల్లో నీళ్ళు. మైనా చెబుతోంది: "నన్ను క్షమించు తల్లీ. నేను గుడ్డివాణ్ణి. నీ గౌరవం నేనే..."

అమ్మ మొహం మాడిపోయింది. "నా గొంతుతో నాకే చెప్తన్నాడే!" అంది. "ఉమ్మింది ఆడు, క్షమించమంటంది నేనా?" లేచి వచ్చి, నేను అందుకునే లోపే బల్ల మీది ఫోను తీసి ఆపేసింది.

"అమ్మా, గొంతు మార్చవచ్చు, ఒక్క నిమిషం" అన్నాను.

"అక్కర్లా."

బెల్కాసెం ఆగలేదు, ఇంకా చెబుతూనే ఉన్నాడు, ఇప్పుడు ఒట్టి అరబ్బీలో. ఎవరికీ అర్థం కావడం లేదని తెలిసి దిక్కులు చూశాడు. ఆ గుంపులో ఆయన మాట తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడు. ఆయన గోంగ్ చొక్కా పట్టుకుని, చెప్పు, చెప్పు అన్నట్టు అమ్మ వైపు ఊపాడు. గోంగ్ నోరు తెరవబోయాడు.

"నువ్వు నోరు ఇప్పావంటే చెప్పు తెగుద్ది" అంది అమ్మ. వాడు మూసుకున్నాడు.

బెల్కాసెం తన కాళ్ళు చూపించాడు, తన కడుపు ముందు చెయ్యి గుండ్రంగా తిప్పాడు, ఏదో ఒకే మాటను మళ్ళీ మళ్ళీ అన్నాడు.

నేను అయిపోయిందనుకున్న పగ అమ్మకు అప్పుడే మొదలైందని నాకు అర్థమైంది. అయినా ఆగలేక చెవిలో అన్నాను, "వాళ్ళావిడ ఆ రోజు ఏమందో చెబుతున్నాడేమో అమ్మా."

"అదే చెప్తన్నాడు."

"తెలుసుకోవాలని లేదా నీకు?"

"ఎందుకు లేదు?" అంది అమ్మ. కళ్ళు నిండుగా ఉన్నాయి. "ఉండనీ. ఆడిని నిలబడనీ. ఆ రోజు నేను నిలబడలా?"

పీట మీద కూర్చుని, ఫోను చొక్కా అంచులో చుట్టుకుని, ఆయన మొహంలోకి సూటిగా చూస్తూ ఉండిపోయింది. ఆయన చేతులు చాచి మాట్లాడుతూనే ఉన్నాడు.